తుంటి ఎముక శస్త్రచికిత్సలో ‘ఉపద్రవం’: మేకు నుండి గామా నెయిల్ వరకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

తొడ ఎముక పైభాగం విరగడాన్నే వాడుకలో తుంటి విరగడం అంటారు. వృద్ధాప్యంలో కాలు జారి పడినా ఇది సంభవిస్తుంది. విరిగిన భాగాలను లోహపు మేకుతోనో కడ్డీతోనో బిగించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడింది. ఈ చికిత్సలో తలెత్తే చిక్కులకు ‘ఉపద్రవం’ అన్న మాట ఉంది. ఆయుర్వేదంలో ఉపద్రవమంటే మూలవ్యాధిని ఆశ్రయించి, దాని తరువాత పుట్టే మరో బాధ. తెలుగు వ్యవహారంలో అది అనుకోని ఆపద. రెండు అర్థాలలోనూ కర్త లేడు. శస్త్రచికిత్సా చరిత్రకు ఈ మాట ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

1. మేకు – కనిపించని దారి:

1822లో ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్, కీలు తిత్తి లోపల తొడ ఎముక మెడ విరిగితే అతకడం అరుదని, రక్తప్రసరణ లోపమే అందుకు కారణమని వివరించాడు. అంటే వైఫల్యానికి మూలం శరీర నిర్మాణమే. 1925లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ మూడు రెక్కల మేకును ప్రయోగించి, 1931లో ఫలితాలను ప్రకటించాడు. విరిగిన తల భాగం గిర్రున తిరిగిపోకుండా ఆ రెక్కలు ఆపాయి. 1932లో స్వీడన్ వైద్యుడు స్వెన్ యోహాన్సన్ మేకు నడుమ రంధ్రం పెట్టి, ముందుగా గుచ్చిన సన్నని తీగ మీదుగా దానిని దింపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దీనితో కీలును తెరవవలసిన అవసరం తగ్గింది. కొత్త ప్రమాదమూ వచ్చింది. తీగ మేకులో ఇరుక్కుంటే సుత్తి దెబ్బకు అదీ ముందుకు సాగి, కీలును దాటి కటికుహరంలోకి చొచ్చుకుపోగలదు. ఎక్స్‌రే ఫిల్మును కడిగి చూస్తేనే దారి తెలిసే రోజులవి. దారి చూపడానికి వచ్చిన తీగే దారి తప్పితే, ఆ చిక్కును వ్యాధికి ఆపాదించడం సాధ్యం కాదు.

2. కడ్డీ – కదలనివ్వని బిగింపు:

1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్‌హార్డ్ క్యూంట్షర్ తొడ ఎముక మూలుగ నాళంలోకి పొడవాటి కడ్డీని దింపాడు. 1940లో బెర్లిన్ శస్త్రవైద్యుల సభలో దానిని ప్రకటించాడు. ఎముక బరువును లోపలి నుండే మోయాలన్నది ఇందులోని మూలసూత్రం. తుంటి భాగానికి మాత్రం మేకునూ పలకనూ ఒకటిగా కలిపిన సాధనాలు చాలాకాలం వాడుకలో ఉన్నాయి. విరిగిన చోట ఎముక సహజంగా కుంగినప్పుడు ఆ మేకు వెనక్కి జరగలేదు. అప్పుడు మేకు తలను చీల్చుకుని కీలులోకి పొడుచుకు వచ్చేది, లేదా సాధనమే విరిగేది. క్యూంట్షర్‌కు కడ్డీలు తయారుచేసిన ఎర్నెస్ట్ పోల్ 1951లో రూపొందించిన జారే మరకు ఈ లోపానికి సమాధానం. ఎముక కుంగితే మర కూడా వెనక్కి జారుతుంది.

3. గామా నెయిల్ – కొస వద్ద పగులు:

జారే మరను మూలుగ నాళపు కడ్డీతో జోడించిన గామా నెయిల్ 1980ల చివర ప్రచారంలోకి వచ్చింది. తొలి రూపంలో కడ్డీ పొడవు 200 మిల్లీమీటర్లు, పైభాగపు వంపు 10 డిగ్రీలు. వంపు ఎక్కువైన బిరుసు కడ్డీని సుత్తితో దింపడం, కింది మర కోసం గురి తప్పిన రంధ్రాలు వేయడం వల్ల కడ్డీ కొస వద్ద ఒత్తిడి పోగుపడి, కొన్నిసార్లు తొడ ఎముక కాండం విరిగేది. ఒక విరుపుకు చేసిన చికిత్సే మరో విరుపుకు కారణమైంది. తరువాతి రూపాలలో కడ్డీ పొడవును 180 మిల్లీమీటర్లకు, వంపును 4 డిగ్రీలకు తగ్గించారు. ఈ విధంగా ఒక్కొక్క సాధనం తనకు ముందున్న సాధనపు వైఫల్యానికి సమాధానంగా పుట్టింది.

4. కొలతలో చేయి, ఎముక:

1995లో బామ్‌గార్ట్‌నర్ బృందం 198 విరుపులను పరిశీలించింది. మర కొసకూ, తొడ ఎముక తల శిఖరానికీ మధ్య దూరాన్ని రెండు ఎక్స్‌రే దృశ్యాలలో కొలిచి, ఎక్స్‌రేలోని పెంపును సవరించి, ఆ రెంటినీ కూడింది. మొత్తం 16 మరలు ఎముకను చీల్చుకుని బయటపడ్డాయి. ఈ కూడిక 25 మిల్లీమీటర్లు లేదా అంతకు తక్కువ ఉన్న 120 మరలలో ఒక్కటీ అలా బయటపడలేదు. అంతవరకు ఎముక బలహీనతకు ఆపాదించే అవకాశమున్న వైఫల్యంలో శస్త్రవైద్యుడి చేతి వాటా ఎంతో దీనితో కొలతకు అందింది. అయితే ఎముక పాత్ర పూర్తిగా తొలగిపోలేదు. 1970లో వెలువడిన సింగ్ సూచిక తొడ ఎముక పైభాగంలోని సన్నని ఎముక దూలాల అమరికను బట్టి ఎముక సారాన్ని ఆరు తరగతులుగా విభజించింది. చేతినీ ఎముకనూ విడివిడిగా అంచనా వేస్తేనే నిర్ణయం న్యాయమవుతుంది.

ముగింపు:

ఈ చరిత్రలోని ఉపద్రవాలు అన్నీ ఒకే జాతివి కావు. కొన్ని ఎముక స్వభావం వల్ల, కొన్ని సాధనపు రూపం వల్ల, కొన్ని చేతి గురి తప్పడం వల్ల కలిగాయి. వాటన్నిటినీ ఒకే మాట కిందికి చేర్చితే కారణం మరుగున పడుతుంది. తెలుగునాట రోగి బంధువులు ‘రాడ్ వేశారు’ అన్న ఒక్క మాటతో సాధన భేదాలన్నిటినీ సూచిస్తారు. శస్త్రచికిత్సకు ముందు సంతకం తీసుకునే అంగీకార పత్రంలోనూ ‘ఉపద్రవాలు కలగవచ్చు’ అన్న ఒక్క వాక్యమే ఉంటే, రోగి దేనికి సమ్మతిస్తున్నాడో ఆ పత్రం చెప్పినట్లు కాదు. ఎముక వల్ల, సాధనం వల్ల, ప్రక్రియ వల్ల కలిగే చిక్కులకు తెలుగులో వేర్వేరు పదాలు స్థిరపడటం పరిభాషా నిర్మాణానికి ఎంత అవసరమో, రోగి హక్కుకూ అంతే అవసరం.