పీపీఏఆర్-ఆల్ఫా

పీపీఏఆర్-ఆల్ఫా జంతు కణాల్లో కొవ్వు వినియోగాన్ని నియంత్రించే కేంద్రక గ్రాహకం. కాలేయం, గుండె, మూత్రపిండాల్లో ఎక్కువగా ఉంటుంది. కొవ్వు ఆమ్లాలే దీన్ని మేల్కొలుపుతాయి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఫైబ్రేట్ మందులు పనిచేసేదీ దీని ద్వారానే.

ఆవిష్కరణ

ఫైబ్రేట్ మందైన క్లోఫైబ్రేట్ ఇచ్చిన ఎలుకల్లో కాలేయం పెద్దదవుతుంది. కాలేయ కణాల్లో పెరాక్సీజోములనే సూక్ష్మాంగాలు లెక్కకు మించి పెరగడాన్ని 1965లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో గుర్తించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, అమెరికాలో పరిశోధకుడిగా స్థిరపడిన జనార్దన్ రెడ్డి ఈ విషయంపై దశాబ్దాల పాటు శ్రమించారు. రసాయన నిర్మాణంలో పోలిక లేని మందులు కూడా ఇదే మార్పు తెస్తున్నాయంటే, వాటిని అందుకునే గ్రాహకం కణంలో ఉండాలని ఆయన బృందం భావించింది. అలాంటి మందుల్లో ఒకటైన నాఫెనోపిన్‌కు అంటుకునే ప్రోటీన్ ఎలుక కాలేయంలో ఉందని 1983లో ప్రకటించింది. అసలు గ్రాహకం జన్యువును 1990లో ఇసెమన్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుక నుంచి వేరుచేశారు.

పనిచేసే తీరు

కొవ్వు ఆమ్లం గాని, మందు గాని అతుక్కోగానే ఈ గ్రాహకం ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతకట్టి డీఎన్‌ఏపై నిర్ణీత చోట కూర్చుంటుంది. కొవ్వు ఆమ్లాలను దహించే ఎంజైముల జన్యువులు అప్పుడు చురుకవుతాయి. లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది; దానికి అడ్డుపడే అపోసీ-3 అనే ప్రోటీన్ తగ్గుతుంది. దాంతో రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు త్వరగా కరుగుతాయి. ఉపవాసంలో శరీరం నిల్వ కొవ్వును శక్తిగా మార్చుకోవడానికీ ఇదే ఆధారం. ఈ జన్యువు లేని చిట్టెలుకలను పస్తు ఉంచితే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది.

జాతుల మధ్య తేడా

పెరాక్సీజోములను పెంచే ఈ మందులు దీర్ఘకాలం ఇచ్చిన ఎలుకలకు కాలేయ కణుతులు వస్తాయని రెడ్డి, సహచరులు 1980లో హెచ్చరించారు. మనుషుల కాలేయంలో మాత్రం పెరాక్సీజోములు అంతగా పెరగవు. మంచి కొలెస్ట్రాల్‌కు మూలమైన అపోఏ-1 అనే ప్రోటీన్ ఫైబ్రేట్లతో మనుషుల్లో పెరుగుతుంది, ఎలుకల్లో తగ్గుతుంది. 2004లో మానవ గ్రాహకం ఉన్న చిట్టెలుకలకు ఇలాంటి మందులిచ్చి చూశారు: ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, కాలేయ కణాలు మాత్రం విపరీతంగా విభజన చెందలేదు. మేలు, కీడు రెండూ ఒకే గ్రాహకం గుండా నడిచినా, ఏ జాతి గ్రాహకమన్నదాన్ని బట్టి కీడు మారుతుంది. కాబట్టి ఎలుకలో తేలిన ఫలితాన్ని మనిషికి అన్వయించే ముందు ఆ తేడాను తప్పనిసరిగా తూచి చూడాలి.