రక్తదోషమా? పెంపకదోషమా?

ఇంట నొకరికి జ్వరము వచ్చినచో ఇరుగుపొరుగువారు వచ్చి పలుకరింతురు. చేయి విరిగినచో కట్టు కట్టువాని యూరు పేరు చెప్పిపోవుదురు. బుద్ధి చలించినప్పుడు మాత్రము ఇంటివారే తలుపులు మూసికొందురు. ఆ మూసిన తలుపుల వెనుక తల్లిదండ్రులు తమ్ము దామే విచారణ చేసికొని, తమకు దామే శిక్ష విధించుకొందురు.

నాయొద్ద చదివి పట్టణమున కళాశాలలో జేరిన యొక బాలుడు, ఎవ్వరో తన్ను వెంబడించుచున్నారనియు, కానరాని మనుష్యులు తనతో మాటలాడుచున్నారనియు చెప్పసాగెను. తుదకు వైద్యులు చూచి స్కిజోఫ్రీనియా యనిరి. ఒకనాటి సాయంకాలము వాని తండ్రి మా యింటికి వచ్చి, చాలసేపు మౌనముగా గూర్చుండి, "మాస్టారూ, మా మేనత్త కిట్టి జబ్బే యుండెడిది. నా పెండ్లినాడు మావాళ్లు ఆ మాట పొక్కనీయలేదు. ఆ పాపమే వీనికి తగిలినది" అనెను. మఱునాడు వాని తల్లి నా భార్యతో, "చిన్ననాడు లెక్కలు రాలేదని కొట్టి, అన్నము పెట్టకుండ పడుకొనబెట్టితిని. ఆ బెదురే ముదిరిన దక్కా" అని యేడ్చెనట. ఒకే యింట ఇద్దఱు ముద్దాయిలు. ఒకరి నేరము రక్తము; ఇంకొకరి నేరము పెంపకము. ఒకరి మాట యొకరికి దెలియదు.

ఈ రెండభియోగములును ఆ దంపతులు క్రొత్తగా గల్పించుకొన్నవి కావు. వీనికి చాల కాలపు చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినచో వారి మనోభారము కొంత తగ్గునని తలచి దీనిని వ్రాయుచున్నాను.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయమును విచారింపకపోలేదు. సుశ్రుతుడు శుక్రశోణిత దోషమువలన సంక్రమించు వ్యాధులను ఆదిబలప్రవృత్తములని పేర్కొని, తల్లినుండి వచ్చునవి, తండ్రినుండి వచ్చునవి యని రెండు తెగలు చేసెను. కుష్ఠము, మూలవ్యాధి మొదలగునవి ఆయన చూపిన యుదాహరణములు. గర్భిణి నడవడిలోని లోపముచే బిడ్డకు కలుగు గ్రుడ్డితనము, చెవుడు, మూగతనము మొదలగువానిని వేఱొక తెగగా జెప్పెను. చరకుడు ఉన్మాదము నైదు విధములుగా వర్ణించి, అందుకు దేవతలను పిశాచములను నిందింపవలదనియు, మనుష్యుని ప్రజ్ఞాపరాధమే మూలమనియు బోధించెను. కర్మవిపాక గ్రంథములు రోగమును పూర్వజన్మ పాపఫలముగా లెక్కించినవి.

ఇందొక విశేషమును గమనింపవలెను. సుశ్రుతుడు దోషమన్నది దేహధాతువుల వికారమును, నేరమును గాదు. కాని మన భాషలో దోషమను నొక్క మాటయే వికారమునకును నేరమునకును చెల్లును. అందుచేత వైద్యుని మాట మన యిండ్లలో న్యాయాధికారి తీర్పుగా మాఱినది.

ఐరోపాలోను ఇట్టిదే జరిగినది. 1857లో మొరెల్ అను ఫ్రెంచి వైద్యుడు వంశక్షయ సిద్ధాంతమును ప్రకటించెను. మొదటి తరమున చిడిముడి స్వభావము, దురాచారములు. రెండవ తరమున నరముల జబ్బులు. మూడవ తరమున ఉన్మాదము. నాల్గవ తరమున బుద్ధిమాంద్యము, సంతానహీనత. ఇట్లు కుటుంబము మెట్టుమెట్టుగా దిగజారునని యాతని వాదము. పాపము తరతరములకు సంక్రమించునను మతభావమునకు వైద్యశాస్త్రపు వేషము వేసినట్లయ్యెను.

ఆ వేషము రాజశాసనముగా మాఱుటకు ఎంతో కాలము పట్టలేదు. అమెరికాలో 1907లో ఇండియానా రాష్ట్రము, సంతతికి తగరని తోచినవారికి బలవంతముగా శస్త్రచికిత్స చేయు చట్టమును మొదట చేసెను. 1927లో వర్జీనియా రాష్ట్రపు క్యారీ బక్ అను యువతి వ్యాజ్యమున ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, తల్లి, తాను, తన పసిబిడ్డ మూడు తరములును మందబుద్ధులే యని నమ్మి, ఆమెకు శస్త్రచికిత్స చేయుట న్యాయమే యని తీర్పు చెప్పెను. మూడవ తరముగా లెక్కింపబడిన ఆ బిడ్డ వివియన్ పరీక్షించునాటికి ఒడిలోని శిశువు. తరువాత బడిలో జేరి, ఒక పర్యాయము ప్రతిభావంతుల పట్టికలోను తన పేరు వ్రాయించుకొని, 1932లో ఎనిమిదేండ్ల ప్రాయమున మరణించినది. ఉపాధ్యాయుడనగుటచేత ఆ పట్టికను నేను మఱువలేకున్నాను.

జర్మనీలో నింతకన్న ఘోరము జరిగెను. 1916లో ఎర్నెస్ట్ రూడిన్ అను పండితుడు, నేడు స్కిజోఫ్రీనియా యనబడు వ్యాధి కలవారి తోబుట్టువులను లెక్కించి, బఠానీ మొక్కలలో మెండెల్ చూపిన సులభమైన లెక్క యీ వ్యాధికి సరిపడలేదని తెలిసికొనెను. లెక్క కుదురకున్నను ఆతని విశ్వాసము చలింపలేదు. 1933 జులై 14న హిట్లరు ప్రభుత్వము వంశవ్యాధుల నిరోధశాసనమును చేయగా, దానికి వ్యాఖ్యానము వ్రాసిన మువ్వురిలో నాతడొకడు. ఆ శాసనముచే సుమారు 4 లక్షలమందికి సంతానము లేకుండ జేసిరి. 1939 మొదలు 1941 వఱకు 70 వేలకు పైగా రోగులను, వికలాంగులను విషవాయువుతో జంపిరి. రక్తమును నేరస్థానమున నిలిపినవారు తుదకు చేరిన చోటిది.

యుద్ధానంతరము వంశపారంపర్యమను మాట పలుకుటకే పండితులు సిగ్గుపడిరి. మంచిదే. కాని ముద్దాయి బోనును తీసివేయలేదు. అందు నిలుచు మనిషిని మాత్రమే మార్చిరి. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైఖ్‌మన్ అను వైద్యురాలు, తల్లి నిరాదరణయు కాఠిన్యమును బిడ్డకు ఈ వ్యాధిని దెచ్చునని వ్రాసెను. హిట్లరు జర్మనీని విడిచి అమెరికా చేరిన దయామయురాలామె. మందులకు లొంగరని యితరులు వదలిన రోగులతో గంటలకొలది కూర్చుండి మాటలాడిన వ్యక్తి. అయినను ఆమె సృష్టించిన యొక్క పదము వేలకొలది తల్లులను దోషులను జేసెను. సుమారు ముప్పదేండ్లపాటు తల్లులు బిడ్డలను ఆసుపత్రికి గొనిపోయి, తమపై తీర్పు విని తిరిగి వచ్చిరి.

ఈ రెండు వాదములను ఒక్కసారిగా పరీక్షించినది 1966లో లెనర్డ్ హెస్టన్ ప్రకటించిన పరిశోధన. ఆరిగన్ రాష్ట్రపు మానసిక వైద్యశాలలలో నున్న స్కిజోఫ్రీనియా రోగిణులకు బుట్టి, పుట్టిన కొలది దినములకే తల్లులనుండి వేఱై పరులయొద్ద పెరిగిన 47 మందిని ఆయన వెదకి పట్టెను. వారిలో నైదుగురికి ఆ వ్యాధి కలిగెను. అట్లే పరులయొద్ద పెరిగిన, ఆ వ్యాధి లేని తల్లుల బిడ్డలు 50 మందిలో నొక్కరికిని రాలేదు. తల్లి పెంపకమే కారణమైనచో, ఆ తల్లి ముఖమే యెఱుగని యీ యైదుగురికి అది యెట్లు వచ్చెను? రక్తమే విధియైనచో తక్కిన 42 మందిని అది యేల విడిచెను? ఈ రెండు ప్రశ్నలయెదుట రెండభియోగములును నిలువజాలవు.

నేటి విజ్ఞానము దీనినే విపులీకరించుచున్నది. ఈ వ్యాధి లోకమున నూటికి సుమారొకరికి కలుగును. తలిదండ్రులలో నొకరికి ఉన్నచో బిడ్డలలో నూటికి సుమారు పదిమందికి. తొంబది మందికి రాదు. ఒకే అండమునుండి పుట్టిన కవలలలో నొకరికి వచ్చినను, రెండవవారికి వచ్చుట సగము పాళ్లకు మించదు. రోగులలో నధికసంఖ్యాకుల తలిదండ్రుల కెవరికిని ఈ వ్యాధి లేదు. 2022లో ప్రకటింపబడిన యొక మహాపరిశోధనమున దీనితో సంబంధముగల జన్యుస్థానములు 287 కనబడినవి. ఒక్కొక్కదాని ప్రభావము అత్యల్పము. అట్టివి కొన్నియైనను లేని మనుష్యుడు లేడు. వెదకి వెదకి చూచినచో ఆ దోషి కుటుంబము మానవజాతియే.

అమెరికాలో 1979లో, కుమారులకు ఈ వ్యాధి గల తల్లులు కొందఱు మాడిసన్ పట్టణమున జేరి, తలుపులు తెఱచి మాటలాడుట కొక జాతీయసంఘమునే స్థాపించిరి. మన చెన్నపట్టణమున 1984లో శారదా మీనన్ అను వైద్యురాలు ఈ రోగులకును వారి కుటుంబములకును స్కార్ఫ్ అను సంస్థను నెలకొల్పెను.

ఆ తండ్రికి హెస్టన్ లెక్క చెప్పితిని. విని, "అయితే మా తప్పేమియు లేదా?" యని యడిగెను. వచ్చినదానిలో లేదంటిని. కాని వానికి మొదటి లక్షణములు కనబడిన పిమ్మట పదునొకండు నెలలు, నలుగురికి దెలియునను భయముచే వైద్యుని చూడక, తాయెత్తులతో కాలము గడపిరి. చికిత్స ఆలస్యమైనకొలది ఈ వ్యాధి కుదురుట కష్టమని వైద్యుల యనుభవము. లేని నేరమును మోసినవారు, ఆ బరువుచేతనే, నిజమైన పొరపాటు చేసిరి.

ఆ బాలుని చెల్లెలికి సంబంధము లిపుడు చూచుచున్నారు. ఈ మాటు దాచవలదని ఆ దంపతులు నిశ్చయించుకొనిరి. మొదటి పెండ్లిచూపులవారు అన్నగారి సంగతి విని, కాఫీ త్రాగి, మరల కబురు చేయలేదు. ఆ యమ్మాయికి వ్యాధి రాకుండుటకే నూటికి తొంబది పాళ్లు అవకాశమని వారి కెవ్వరు చెప్పుదురు?

చదువరులారా, సంబంధము చూచునప్పుడు "ఆ వంశమున పిచ్చి యున్నదా?" అని మెల్లగా వాకబు చేయువారము మనమే. ఆ తండ్రి ముప్పదేండ్ల క్రిందట మాట దాచినది మనకు వెఱచియే. ఆ తల్లి తలుపు మూసినది మన కన్నులకు వెఱచియే. దోషమను మాట కింకొక యర్థము మిగిలియున్నచో, అది వారి రక్తమునందును లేదు, వారి పెంపకమునందును లేదు. మన వాకబులో నున్నది.