సంస్థాగత జంతు నైతిక సంఘం

భారతదేశంలోని విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో జంతువులపై ప్రయోగాలు తలపెట్టినప్పుడు వాటి అవసరాన్ని, పద్ధతిని ముందుగా పరిశీలించే కమిటీని సంస్థాగత జంతు నైతిక సంఘం అంటారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1998లో వెలువడిన నియమాలు దీనికి ఆధారం. ఇందులో శాస్త్రవేత్తలతో పాటు పశువైద్యుడు, శాస్త్రేతర సభ్యుడు, కేంద్ర పర్యవేక్షక కమిటీ ప్రతినిధి ఉంటారు. ఏ జాతి జంతువులు ఎన్ని కావాలో, అన్ని ఎందుకో, నొప్పి తెలియకుండా ఏ మత్తుమందు ఇస్తారో, ప్రయోగం ముగిశాక వాటినేం చేస్తారో పరిశోధకుడు దరఖాస్తులో వివరించాలి. ఎలుకల వంటి చిన్న జంతువులకు ఈ సంఘమే అనుమతినిస్తుంది; కుక్కలు, కోతుల వంటి వాటి విషయంలో దాని సిఫార్సుతో దరఖాస్తు కేంద్ర కమిటీకి వెళ్తుంది. 1959లో రసెల్, బర్చ్ ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలు, అంటే జంతువు లేకుండా సాధ్యమైతే మానడం, తప్పనప్పుడు సంఖ్యను కుదించడం, బాధను తగ్గించడం, ఈ పరిశీలనకు గీటురాయి. బోధనలో పుస్తకాలు, నమూనాలు, ఫిల్ములు సరిపోయేచోట వీలైనంతవరకు ప్రయోగాలు మానాలన్నది చట్టం ఉద్దేశం.