స్వీడను దేశమున నగదు వివాదము

నాణెములు, నోట్లు బొత్తిగా లేకుండ లోకవ్యవహారము సాగునా యను ప్రశ్న మనకు వట్టి తర్కమువలె దోచవచ్చును. స్వీడను దేశమున నిది నిత్యము అంగడిలో నెదురగు ప్రశ్న. ఐరోపాఖండమున కాగితపు నోటు మొట్టమొదట పుట్టినది అచ్చటనే. దానికి ఉద్వాసన చెప్పుటకు ముందుగా సిద్ధపడినదియు నచ్చటనే.

ఆ దేశము రాగిగనులకు ప్రసిద్ధము. 17వ శతాబ్దమున అచ్చట రాగిపలకలనే ద్రవ్యముగా ముద్రించుచుండిరి. 1644లో వేసిన పది దాలెరుల పలక 19 కిలోలకు పైగా తూగెను! పెద్ద సొమ్ము చేతులు మారవలెనన్న బండి కట్టవలసినదే. ఈ భారము తీర్చుటకై యోహాన్ పామ్‌స్ట్రుక్ అనునాతడు తాను నడుపుచున్న స్టాక్‌హోము బ్యాంకునుండి 1661లో కాగితపు నోట్లు వెలువరించెను. జనులు సంతసించిరి. కాని నిలువకు మించి నోట్లు వ్రాయగా, వానిని తెచ్చినవారికి లోహము నీయజాలక బ్యాంకు కూలెను. 1668లో పామ్‌స్ట్రుక్‌నకు శిక్ష పడినది. ఆ యేటనే అచ్చటి ప్రతినిధిసభ యధీనమున రిక్స్‌బ్యాంకు నెలకొల్పబడెను. నేడు లోకమున నున్న కేంద్రబ్యాంకులలో నిదియే ప్రాచీనతమము.

2012లో ఆ దేశపు పెద్దబ్యాంకులు కలసి ‘స్విష్’ అను చేతిఫోను చెల్లింపుపద్ధతిని ప్రవేశపెట్టినవి. తమ కడపటి కొనుగోలునకు నగదు చెల్లించితిమని చెప్పినవారు 2010లో నూటికి ఇంచుమించు 40 మంది. 2018లో 13 మంది. దేవాలయములలో కానుకలు సైతము ఫోనుమీదనే సమర్పింపసాగిరి.

వాదమునకు దిగినవారిలో ఇరువురి పేరు బ్యోర్న్ అగుట యొక విశేషము. అబ్బా (ఇది మన ‘అబ్బా’ కాదు) యను గానబృందమువాడగు బ్యోర్న్ ఉల్వేయస్, తన కుమారుని యింట దొంగలు పడినపిమ్మట, నగదే లేనిచో దొంగసొత్తు అమ్ముకొనుట యెట్లని ప్రశ్నించి నగదు నిర్మూలనమును కోరెను. దొంగలను పట్టుటయే వృత్తిగా గలిగి, దేశపు పోలీసుశాఖకు అధిపతిగా నుండిన బ్యోర్న్ ఎరిక్సన్ నగదు పక్షమున నిలిచెను! వృద్ధులు, అంగవికలురు ఏమైపోవుదురు, శత్రువు విద్యుత్తును తంత్రులను తెంచిననాడు రొట్టె కొనుటెట్లు అని ఆయన వాదము.

సంస్కరణాభిలాషులమగు మనకు పాతది పోవుననిన నుత్సాహము సహజము. పన్నుల యెగవేతకును లంచములకును నగదు తోడ్పడుననుట నిజమే. అయినను మాకు 2016 నవంబరు జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆనాడు మన దేశమున రద్దయినవి 500, 1000 రూపాయల నోట్లు మాత్రమే, నగదంతయు కాదు. అంతమాత్రముననే ఇల్లాండ్రు పోపులపెట్టెలలో, చీరల మడతలలో దాచుకొన్న సొమ్ము భర్తల యెదుట బయటపెట్టవలసివచ్చెను. తాగుబోతు మగనికి తెలియకుండ బిడ్డ చదువునకు దాచిన పైకమును నల్లధనమని యెవరనగలరు? ఫోనులోని లెక్క ఆ ఫోను నెవడు లాగికొనునో వానికి తెలిసిపోవును. స్త్రీకి ఆస్తిహక్కు కావలెనని వ్రాయుచు వచ్చిన మనవంటివారు, నిర్మూలనవాదులను ముందుగా అడుగవలసినది ఈ పోపులపెట్టె సంగతియే.

స్వీడను ప్రభుత్వమును వెనుకకు తిరిగి చూచినది. పెద్దబ్యాంకులు ప్రజలకు నగదు తీసికొను సదుపాయము కల్పింపవలెనని 2020 నుండి చట్టము అమలైనది. అంగడివాడు దానిని పుచ్చుకొని తీరవలెనను నిర్బంధము మాత్ర మందు లేదు. అంతకు ముందే, 2018లో, యుద్ధమో విపత్తో వచ్చినచో నేమి చేయవలయునో తెలుపు చిన్నపుస్తకము నొకదానిని ఇంటింటికి పంపిరి. నీరు, ఆహారము, కొవ్వొత్తులతోపాటు కొన్ని చిన్ననోట్లను గూడ ఇంట నుంచుకొనుడని అందులో వ్రాసియున్నది.