దుమ్ముగూడెం చర్చిలో ఏ భాష?

జల్‌పల్లికి బతకడానికి వచ్చిన మా వాళ్ళు ఆదివారం చర్చిలో కూర్చుంటే పాట తెలుగులోనో హిందీలోనో సాగుతుంది. రాగం అందుతుంది, మాట సగమే అందుతుంది. ఇది మాకు కొత్త కాదు.

గోదావరి మీద దుమ్ముగూడెం ఆనకట్ట పనులు జరిగిన 1860ల్లో, అక్కడి ఇంజనీరు హేగ్ ప్రోద్బలంతో చర్చి మిషన్ సొసైటీ కోయల మధ్యకు వచ్చింది. పని తెలుగులోనే మొదలైంది. సంతలో బేరానికి మా వాళ్ళకు ఆ తెలుగు చాలేది. చావు గురించీ పాపం గురించీ వినడానికి చాలేది కాదు. పాపం అన్న మాట విని మా తాతలు ఏమనుకున్నారో!

తర్వాత మిషనరీ జాన్ కెయిన్ కోయ నేర్చుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో రాశాడు. లూకా సువార్త కోయలో అచ్చయింది. ఆయన వచ్చింది మతం కోసమే, అయినా మా మాట కాగితం మీదికెక్కింది. ఆ మాటలు నేర్పింది కోయవాళ్ళే కదా, వాళ్ళ పేర్లు మనలో ఎవరికి తెలుసు?

సవరల దారి వేరు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర నేర్చుకొని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. ఆ మధ్యలోనే, 1936లో, మంగేయి గొమాంగో సవరలకు సొంత లిపి చేశాడు. దాన్ని దేవుడిగా కొలిచేవాళ్ళున్నారు. మిషనరీలు రోమన్ అక్షరాల్లో రాయిస్తున్న రోజుల్లో అది చిన్న పని కాదు.

భద్రాచలం ఏజెన్సీ చర్చిల్లో ఇప్పుడు ఎక్కువగా తెలుగే. బడిలోనూ అంతే. కోయ ప్రార్థన ముసలివాళ్ళ నోట మిగిలింది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు టీచర్లూ పిల్లలూ దాన్ని రాసుకురండి, తెలుగు లిపిలోనైనా సరే.