రణమృతుల పేళ్లు — మడకశిర సీమలో వెదకవలసిన విధము

మన సంఘ వార్షిక సంచికలలో పూర్వపురుషుల ప్రశంస యుండుట పరిపాటి. రాజులను, దండనాథులను, దేవాలయ నిర్మాతలను మనము తఱచుగా స్మరించుచుందుము. వారి పేళ్లు శాసనములందును గ్రంథములందును నిలిచియే యున్నవి. యుద్ధభూమిలో నేలకొఱిగిన సామాన్య భటుని గూర్చిన చింత మాత్రము మనకు తక్కువ. వాడే యూరివాడు? ఎవని కొడుకు? ఏల పోయెను? వాడు పోయిన పిమ్మట ఆలుబిడ్డ లెట్లు బ్రదికిరి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకు విధమును, అట్లు వెదకుటలో మనవంటి కులసంఘములు పాటింపవలసిన ధర్మమును ఈ వ్యాసమున నివేదింపదలచినాము.

మడకశిర సీమ మొదటినుండియు సరిహద్దు నేల. దీనిని మూడు ప్రక్కల కన్నడదేశము చుట్టుకొనియున్నది. నైజాము ప్రభువు 1800లో కుంపినీవారి కిచ్చిన దత్తమండలములలో నిది చేరినది. 1882లో బళ్లారి నుండి వేరుపడిన అనంతపురము జిల్లాలో భాగమైనది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. ఏలిన ప్రభువులు మాఱిరి, జిల్లాల పేళ్లు మాఱినవి. వానకై యాకాశము వంక చూచుట మాత్రము మాఱలేదు. ఇంట తెలుగును సంతలో కన్నడమును మాటలాడు ఈ జనులకు కత్తి పట్టుట క్రొత్త గాదు.

ఈ సీమలోని హేమావతి యొకప్పుడు హెంజేరను మహానగరము. ముప్పదిరెండువేల నాడని ప్రసిద్ధి కెక్కిన నొళంబవాడికి రాజధాని. నొళంబులు గంగులతోను, బాణులతోను, వైదుంబులతోను ఒకప్పుడు పోరుచు, ఒకప్పుడు పొత్తు గలుపుచు 9, 10 శతాబ్దములలో ఈ యెత్తునేల నేలిరి. ఆనాటి యుద్ధములలో మడిసినవారికై నిలిపిన శిలలనే కన్నడమున వీరగల్లు లనుచున్నారు. యుద్ధస్మారకము లనునవి దొరలు తెచ్చిన యాచారమని యెవరైన తలచినచో, వారు మన పొలిమేరలలోని యీ శిలలను చూచియుండలేదని చెప్పవలెను.

వీరగల్లు సామాన్యముగా అంతరువులుగా చెక్కబడియుండును. క్రిందిదానిలో యుద్ధము; నడుమ వీరు నప్సరసలు దివికి గొనిపోవుట; పైన శివలింగసన్నిధిలో వాడు కూర్చుండియుండుట. వ్రాతయున్న శిలలలో ఏ రాజు కాలమున, ఎవని పనుపున, ఎచ్చట పోరి మడిసెనో చెప్పబడియుండును. ఉదాహరణముగా బేగూరు శిలను గైకొందము. ఇది బెంగుళూరు సమీపమున దొరకి, ఇప్పుడు ఆ నగరపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నది. గంగరాజైన ఎఱెయప్ప వీరమహేంద్రునితో పోరుచున్నప్పుడు, నాగత్తరుడు తన సేనతో అయ్యపదేవునకు సాయముగా పోయి, తుంబెపాడి యుద్ధమున మడిసెను. ఆ వార్త విని రాజు సంతసించి, ఇరుగు డనువానికి నాగత్తర పట్టము గట్టి, బెంపూరు పన్నెండు గ్రామముల నిచ్చెను. బేగూరులోనే మఱియొక శిల 'బెంగుళూరు కాలగము'న నాగత్తరుని యింటివాడొకడు మడిసెనని చెప్పుచున్నది. నేటి మహానగరపు పేరు మనకు తొలుత కనబడునది రాజప్రశస్తిలో గాదు, ఒక మృతుని శిలమీద.

ఇందు మడకశిరవారికి రెండు పాఠము లున్నవి. మొదటిది: ఆ వీరమహేంద్రుడు మన హెంజేరు నేలిన నొళంబరాజని కొందఱు తలచుదురు గాని, అది నిశ్చయము గాదు. అదియే నిజమైనచో, మన రాజు చేసిన యుద్ధపు వృత్తాంతము మనకు శత్రుపక్షమువారి శిలమీద దొరకిన దనవలెను. కావున మన మృతుల జాడ మన యూరిలోనే యుండునని తలచి కూర్చుండరాదు. పొలిమేర దాటి, భాష దాటి వెదకవలెను. వైదుంబులు గంగులతోను నొళంబులతోను పోరిన సోరెమతి యుద్ధమున మడిసినవారి శిలలు కొన్ని తెలుగునను, కొన్ని కన్నడమునను గలవు. ఒక్క భాషయే యెఱిగినవానికి ఆ యుద్ధకథ సగమే తెలియును.

రెండవది: ఆనాటివారు పేరు చెక్కి యూరకుండలేదు. మృతుని వారికి భూమి నిచ్చుచుండిరి. ఆ యీవికి కన్నడమున నెత్తరుకొడగె యని పేరు. నెత్తుటికి ప్రతిగా నిచ్చిన భూమి యని యర్థము. శిల కీర్తికి, భూమి కూటికి. ఈ రెండును గూడినప్పుడే స్మారకము సంపూర్ణమని మన పూర్వులు తలచిరి.

ఇట్టి సంప్రదాయము గల దేశమునకు 1914–1919 నాటి మహాయుద్ధము వేఱొక తీరు స్మారకమును దెచ్చినది. 'ఈ గ్రామమునుండి ఇందఱు మహాయుద్ధమునకు పోయిరి, వారిలో ఇందఱు ప్రాణము లర్పించిరి' అను నర్థము గల ఆంగ్లపు పలకలు చెన్నరాజధానిలోను, ఇతర రాష్ట్రములలోను అనేక స్థలముల నాటబడినవి. వానిలో సంఖ్య యున్నది, పేరు లేదు. ఢిల్లీలో 1931లో వెలసిన యుద్ధద్వారము 70,000 మందికి పైగా భారతీయ మృతులకు స్మారకము. దానిపై చెక్కబడిన పేళ్లు 13,000 పైచిలుకు మాత్రమే. ఇరాకు దేశమందలి బసరా స్మారకము 1929లో స్థాపితమైనది. దానిపై 40,000 మందికి పైగా మృతులు స్మరింపబడిరి. అందు ఆంగ్లభటుల పేళ్లును, భారతీయులలో అధికారుల పేళ్లును చెక్కిరి. భారతీయ సామాన్యభటులను పటాలమునకు ఇందఱని లెక్కగట్టి విడిచిరి. కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారు 2021లో తమ విచారణ నివేదికను ప్రకటించి, ఆసియా ఆఫ్రికా ఖండముల మృతులలో 45,000 మొదలు 54,000 వఱకు అసమానముగా స్మరింపబడి రనియు, లక్షకు మించినవారు పేరుతో స్మరింపబడనే లేదనియు ఒప్పుకొనిరి.

భారతమందు స్త్రీపర్వము చదివినవారికి ఈ వ్యత్యాసము సులభముగా తెలియును. మడిసినవా రెందఱని ధృతరాష్ట్రు డడుగగా, ధర్మరాజు సంఖ్య చెప్పెను. కాని యంతటితో నిలువలేదు. దూరదేశములనుండి వచ్చి, తమవా రెవ్వరును లేక పడియున్నవారికి గూడ సంస్కారము జరుగవలెనని విదురాదుల నాజ్ఞాపించెను. సంఖ్య రాజకార్యము, సంస్కారము మానవధర్మము. మన తర్పణవిధియందు సంఖ్య పనికిరాదు; నామగోత్రములు కావలెను. పేరు పోయినవాడు నీటిచుక్కకు గూడ దూరమగును.

పేళ్లు వెదకుట కష్టమైనను అసాధ్యము గాదు. స్మారకముపై పేరు లేకున్నను, సమాధుల సంఘమువారి పట్టికలలో బసరా మృతుల పేళ్లు గలవు. వానిని నేడు అంతర్జాలమున ఇంటినుండియే చూడవచ్చును. అనేకుల పేరుతోపాటు తండ్రిపేరు, గ్రామము, తాలూకా, జిల్లా గూడ వ్రాయబడియుండును. దొరలు తమ చెవికి దోచినట్లు వ్రాసిరి గనుక, ఒక్క గ్రామనామమునే నాలుగైదు విధములుగా ఊహించి వెదకవలెను.

ఇంటిలోని వస్తువులును సాక్ష్యములే. ఆ యుద్ధమున పనిచేసినవారి కిచ్చిన పతకపు అంచున భటుని సంఖ్య, పేరు, పటాలము సన్ననియక్షరములతో చెక్కబడియుండును. వెండి దని దానిని కరగింపక ముందు అంచు చదువుడు. మృతుల యిండ్లకు అరచేయంత కంచుబిళ్ల యొకటి పంపబడెను; దానిపై పదవి చెక్కక పేరు మాత్రమే చెక్కిరి. ఫించను కాగితములు, పాత భూమిపట్టాలు, ఇనాము దస్తావేజులు, బడిలోని ప్రవేశపు పట్టికలు — ఒక దానిలో పేరును, మఱొక దానిలో తండ్రిపేరును దొరకును. రెండును కలిసినప్పుడే మనిషి దొరకును.

పటాలముల పేళ్లు మాఱుటచే గలుగు చిక్కునుగూడ చెప్పవలెను. 61వ పయొనీర్లు తూర్పు ఆఫ్రికాలో పోరిన చెన్నరాజధాని పటాలము. 1922లో దానికి మఱియొక పేరు వచ్చినది. 1933లో మద్రాసు పయొనీర్ల దళమే రద్దయినది. పాత కాగితములోని పటాలము నేడు కానరాదని, ఆ కాగితము కల్ల యని తలపరాదు.

'భటు డెవడు?' అను ప్రశ్న గూడ నున్నది. 19వ శతాబ్దపు చివర రాబర్ట్సు సేనాని మొదలగువారు దక్షిణాదివారు యుద్ధజాతులు గారని యెంచి, చెన్నరాజధాని పటాలములను తగ్గించిరి. ఆ కారణముచే మహాయుద్ధమున మనవారిలో అనేకులు త్రోవలు వేయువారుగను, వంతెనలు గట్టువారుగను, కంచరగాడిదలను తోలువారుగను, వంటవారుగను, నీరు మోయువారుగను, కూలిదళములవారుగను పోయిరి. 1914లో సిపాయి జీతము నెలకు 11 రూపాయలు. వాన తప్పిన యేట ఆ 11 రూపాయలు ఒక కుటుంబపు ప్రాణము. కత్తి పట్టలేదని, తుపాకి మోయలేదని, వీరి పేళ్లను విడుచుట న్యాయము గాదు. గుండు తగిలి చచ్చినవాడును, జ్వరము తగిలి బసరాలో చచ్చినవాడును తల్లికి ఒక్కటే.

ఇక మన సంఘమునకు ముఖ్యమైన మాట. పాత శిల యొకటి కనబడగానే ఇందలి వీరుడు మా కులమువాడే యని చెప్పుకొనుట మన కాలపు కులసంఘముల కన్నిటికిని గల బలహీనత. పేరు చివర నొక యక్షరము కలిసినదని, శిలలోని మనిషి తలపాగా మన తలపాగా వలె నున్నదని, వంశవృక్షము లల్లుట చరిత్ర గాదు. వేయేండ్లనాటి 'సెట్టి', 'గౌండ' శబ్దములు పదవులుగా గూడ వాడబడినవి. వానిని నేటి కులనామములుగా చదువుట సాహసము. శాసనము కులము చెప్పినచో వ్రాయుదము. చెప్పనిచో మౌనము వహింతము. మన గౌరవము మన పూర్వులు మోసిన కత్తివలన గాక, మనము పలుకు సత్యమువలన నిలువవలెను.

భీష్మాష్టమినాడు సంతానము లేని భీష్మునకు లోకమంతయు తర్పణము విడుచును. నీ కతడేమగునని యెవ్వరును అడుగరు. రణమృతుల విషయమున మన కిదియే మార్గము. మన పొరుగు వీథిలోని పేదవాని తాత బసరాలో పోయియుండినచో, అతని పేరును మన సంచికలో ముద్రించుట మన సంఘమునకు తక్కువ గాదు. అంతకు మించిన యలంకారము లేదు.

కావున సభాసదులకును పోషకమహాశయులకును మా విన్నప మిది. మీ మీ గ్రామములలో వీరశిల యున్నచో, దానిని సున్నముతోను రంగుతోను పూయకుడు, రాగి ఱేకు తొడుగకుడు, గుడిమెట్టుగా వేయనీయకుడు. ఉన్న చోటనే యుంచి, ఛాయాచిత్రము తీయించి, వ్రాత యున్నచో తెలిసినవారిచే చదివింపుడు. ఇంటిలో పతకము, బిళ్ల, ఫించను కాగితము గలవారు మూలమును తమయొద్దనే యుంచుకొని, ప్రతిని సంఘమున కిండు. ముసలివారు జీవించియుండగనే వారి నోట విన్నదానిని వ్రాసికొనుడు. విన్నమాటను విన్నమాటగను, చదివినదానిని చదివినదానిగను వేఱువేఱుగా నుంచుడు.

విద్యార్థిభవనములకును కల్యాణమంటపములకును ధనమిచ్చు పోషకులు, గ్రామమున కొక పుటచొప్పున మడకశిర సీమ రణమృతుల పట్టికను ముద్రించుటకు గూడ సాయపడుదురు గాక. పుట కొక్క పేరే దొరకినను చాలును. తండ్రిపేరుతో, ఊరిపేరుతో గూడిన ఒక్క పేరు, పేళ్లులేని వేయి సంఖ్యలకంటె బరువైనది.