మురుగుకు వాటం దొరకని నేల

తెలుగులో ‘మురుగు’ అన్న మాటకు నేలను బట్టి అర్థం మారుతుంది. కృష్ణా డెల్టా రైతుకు మురుగు కాలువ అంటే వరిచేలో నిలిచిన అదనపు నీటిని సముద్రం వైపు దించే దారి. పట్టణవాసికి అది ఇళ్ల మలినజలాన్ని ఊరు దాటించే కాలువ. పందొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు ఈ సీమకు మొదటిదాన్ని కొద్దో గొప్పో సమకూర్చారు గాని, రెండవదాని జోలికి దాదాపు పోలేదు.

అదే కాలంలో లండన్ నగరం రెండవదానితోనే కలరాను అదుపు చేసింది. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు బ్రాడ్ వీధి చేతిపంపు నీటికీ ఆ చుట్టుపక్కల కలరా మరణాలకూ గల సంబంధాన్ని చూపినా, అధికారుల్లో అధికులు రోగానికి మూలం దుర్గంధమేనన్న చెడుగాలి సిద్ధాంతాన్నే నమ్మారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు సొమ్ము మంజూరు చేయగా, ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ నిర్మించిన భూగర్భ కాలువలు మలినాన్ని నగరానికి దిగువకు చేర్చాయి. సిద్ధాంతం తప్పు, కాలువ మాత్రం ఒప్పు: వాసన పోవాలని తవ్వినది తాగునీటిని మలం నుండి వేరుచేసింది. 1866లో కలరా తిరిగి వచ్చినప్పుడు, ఆ ఏర్పాటు ఇంకా పూర్తికాని తూర్పు లండన్‌లోనే ఎక్కువగా చెలరేగింది.

కృష్ణా డెల్టాలో లెక్క వేరు. 1832–33 నాటి గుంటూరు కరువు మిగిల్చిన భయం నేపథ్యంలో, ఆర్థర్ కాటన్ సిఫారసుపై కెప్టెన్ ఆర్ 1852–55 మధ్య బెజవాడ వద్ద ఆనకట్ట కట్టగా, కాలువలు పొలాలకు నీటినిచ్చాయి, పడవలను నడిపాయి, ఊరి చెరువులనూ నింపాయి. పశువులను కడిగినదీ, బట్టలుతికినదీ, బిందె ముంచినదీ ఆ నీటిలోనే. కూచిపూడి, మొవ్వ ప్రాంతపు పల్లెల వంటి చోట్ల వేసవిలో కాలువలు కట్టేసే లోపు తూము తెరిచి మంచినీటి చెరువును నింపుకోవడం ఏటా జరిగే పని. ఒండ్రుతో ఎర్రబారిన నీటిని కుండలో పోసే ముందు లోపలి గోడకు చిల్లగింజను అరగదీస్తే, తెల్లవారేసరికి మట్టి అడుక్కు దిగి నీరు తేరుకునేది. కంటికి అది శుభ్రమైన నీరే. అయితే తేట వేరు, శుద్ధి వేరు. 1884లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోఖ్ కామా ఆకారపు కలరా క్రిములను కలకత్తాలోని ఇటువంటి ఊరిచెరువు నీటిలోనే గుర్తించాడు.

లండన్ పద్ధతిని ఇక్కడికి తేవడానికి నేల కూడా అడ్డం వచ్చింది. భూగర్భ కాలువకు ప్రాణం వాటం, అంటే నీరు తనంతట తాను జారేటంత వాలు. అది చాలకపోతే మలినం అడుగున పేరుకుంటుంది. లండన్‌లో ఆ లోటును ఆవిరి యంత్రాల పంపులు తీర్చాయి. బందరు నేల సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉండడంతో, 1864 నవంబరు 1 నాటి తుపానులో ఉప్పెన పట్టణాన్ని ముంచి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. సముద్రం అంత తేలికగా లోపలికి రాగల నేల నుండి మురుగును బయటికి పంపడం సులువు కాదు.

బందరుకు 1866లో, బెజవాడకు 1888లో మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి గాని, వాటి ఆదాయం ఆవిరి పంపులకూ భూగర్భ కాలువలకూ చాలేది కాదు. ఇక్కడ మలాన్ని ఊరు దాటించే పనిని మనుషులకు అప్పగించారు. పాకీదొడ్లలోని మలాన్ని తెల్లవారకముందే రేకుతో గీసి తట్టకెత్తుకుని ఊరి వెలుపలికి మోసిన స్త్రీపురుషులు, కులం పేరిట ఆ పనికి కట్టుబడినవారు, లండన్‌లో ఇటుక కాలువ చేసిన పనిని తలమీద చేశారు. పారిశుద్ధ్య చరిత్రలు ఇంజనీర్ల పేర్లను భద్రపరిచినంత శ్రద్ధగా వీరి పేర్లను రాసుకోలేదు. చేల మురుగు కోసం డెల్టాలో పన్ను వేసే చట్టం 1968లో వచ్చింది. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన చట్టం రావడానికి 1993 దాకా పట్టింది.